సీపీయూ వంద శాతం చూపిస్తే: ఆ అంకెను ఎంతవరకు నమ్మాలి, అసలు ఎక్కడ వెతకాలి

మీరు రాసిన సమస్య క్లుప్తంగా ఇదీ. ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ ఐ5-8250యూ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10 ఉన్నాయి. ఆన్ చేసిన దగ్గర్నుంచి సీపీయూ, అంటే ప్రాసెసర్ వాడకం 90 శాతానికీ 100 శాతానికీ మధ్యే కొట్టుకుంటోంది. ఏ ప్రోగ్రామ్ ఎంత వాడుకుంటోందో చూపించే టాస్క్ మేనేజర్ తెరిస్తే ఒకసారి యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్, ఇంకోసారి సర్వీస్ హోస్ట్, మరోసారి డబ్ల్యూఎంఐ ప్రొవైడర్ హోస్ట్ పైన ఉంటున్నాయి. ఎండ్ టాస్క్ కొడితే కాసేపు తగ్గి మళ్లీ మొదటికొస్తోంది. పాప యూట్యూబ్‌లో పాఠాలు చూస్తుంటే ఆగి ఆగి వస్తోంది. రిపేరు షాపులో ప్రాసెసర్ వీక్ అయిందని, ఫార్మాట్ చేసినా తగ్గకపోతే బోర్డు మార్చాలని చెప్పారు.

బోర్డు మాట ఇప్పటికి పక్కన పెట్టండి. బ్యాటరీ వీక్ అయినట్టు ప్రాసెసర్ వీక్ అవదు. పాడైతే మెషీన్ హ్యాంగ్ అవుతుంది, నీలం తెర వస్తుంది, లేదా అసలు ఆన్ కాదు. 8250యూ 2017లో వచ్చింది. నాలుగు కోర్లు (పని చేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు). బ్రౌజర్, వర్డ్, ఆన్‌లైన్ క్లాసులకు ఇప్పటికీ చాలు.

ముందుగా ఆ 90, 100 అంకె సంగతి చూద్దాం. చాలామంది దారి తప్పేది ఇక్కడే.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. చిన్న కిటికీలా వస్తే కింద ఉన్న మోర్ డీటెయిల్స్ నొక్కండి. పైన వరసగా ప్రాసెసెస్, పర్ఫార్మెన్స్, ఇంకొన్ని, చివరి వైపు డీటెయిల్స్ అనే పేజీలు ఉంటాయి. విండోస్ 10లో ఈ పేజీలన్నీ సీపీయూని ఒకేలా లెక్కగట్టవు. డీటెయిల్స్ పేజీ కేవలం సమయం చూస్తుంది, అంటే ఈ సెకనులో ప్రాసెసర్ ఎంతసేపు పనిలో ఉంది, ఎంతసేపు ఖాళీగా ఉంది అని. ప్రాసెసెస్, పర్ఫార్మెన్స్ పేజీలు ఆ సమయాన్ని అప్పటి వేగంతో గుణించి, ప్రాసెసర్ బేస్ స్పీడ్‌తో, అంటే కంపెనీ నిర్ణయించిన మామూలు వేగంతో భాగిస్తాయి. మీ 8250యూ బేస్ స్పీడ్ 1.6 గిగాహెర్ట్జ్. అవసరం పడితే టర్బోలో, అంటే కాసేపు పెంచుకున్న వేగంతో, 3.4 దాకా వెళ్తుంది.

చిన్నప్పుడు చదువుకున్న లవం, హారం గుర్తు తెచ్చుకోండి. హారంలో ఎప్పుడూ 1.6. మెషీన్ ఆరోగ్యంగా ఉండి 3.2 వేగంతో పరుగెడుతోందనుకుందాం. సగం సమయం పనిలో ఉంటే చాలు, మొదటి పేజీ 100 చూపించేస్తుంది. లెక్క ప్రకారం వంద దాటినా అక్కడ వంద దగ్గరే ఆపేస్తారు. అదే మెషీన్ ఏ కారణం చేతనో 0.8కి పడిపోయి, ఊపిరాడనంత పనిలో ఉన్నా ఆ పేజీలో 50 మాత్రమే కనిపించొచ్చు. అంటే బాగున్నప్పుడు 100, జబ్బు చేసినప్పుడు 50! అందుకే ఆ ఒక్క అంకె చూసి ఏ నిర్ణయానికీ రాకూడదు. 2025లో వచ్చిన విండోస్ 11 అప్‌డేట్లలో మైక్రోసాఫ్ట్ దీన్ని సరిచేసి అన్ని పేజీలకూ ఒకే లెక్క పెట్టింది. మీది విండోస్ 10 కాబట్టి పాత లెక్కే నడుస్తోంది.

మీరు చూడాల్సినవి రెండు. మొదటిది, డీటెయిల్స్ పేజీలో సీపీయూ అనే తలకట్టు మీద నొక్కి, సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్ వరస ఎంత చూపిస్తోందో గమనించండి. దాని పేరు చూసి, 90 అంకె చూసి వైరస్ అని కంగారుపడి ఫోన్ చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది ప్రాసెసర్ ఖాళీగా ఉన్న సమయం. అది 50 ఉంటే మీ ప్రాసెసర్‌కు ఇంకా సగం తీరిక ఉన్నట్టు. సున్నా దగ్గర నిలబడితే నిజంగానే నిండిపోయినట్టు. రెండోది, పర్ఫార్మెన్స్ పేజీలో సీపీయూ నొక్కితే గ్రాఫు కింద కనిపించే స్పీడ్ అనే అంకె. పక్కనే బేస్ స్పీడ్ కూడా రాసి ఉంటుంది.

ఈ రెండూ చూసేముందు మెషీన్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయండి. షట్ డౌన్ చేసి ఆన్ చేస్తే సరిపోతుందనుకోకండి. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒక ఏర్పాటు ఉంది. మామూలుగా షట్ డౌన్ కొడితే విండోస్ లోపలి భాగం పూర్తిగా ఆగకుండా డిస్క్ మీద దాచుకుని, మళ్లీ ఆన్ చేయగానే అక్కడి నుంచే మొదలుపెడుతుంది. పర్ఫార్మెన్స్ పేజీలోనే అప్ టైమ్ చూడండి. రోజూ రాత్రి ఆపేస్తున్నామనుకునే ఇళ్లలో అక్కడ వారాల లెక్క కనిపిస్తుంది. రీస్టార్ట్ కొడితేనే అది సున్నాకు వస్తుంది. రీస్టార్ట్ అయ్యాక ఒక పది నిమిషాలు ముట్టుకోకుండా వదిలేసి, తర్వాత చూడండి. లేవగానే విండోస్‌కు సవాలక్ష పనులుంటాయి, అప్పటి అంకెలు లెక్కలోకి రావు.

ఇప్పుడు స్పీడ్ సంగతి. యూట్యూబ్ ఆడుతున్నప్పుడో, ఏదైనా పెద్ద ఫైలు తెరుస్తున్నప్పుడో చూడండి. 2 నుంచి 3.4 మధ్య ఊగుతుంటే మీ ప్రాసెసర్ బాగానే ఉంది. 0.39 దగ్గరో, 0.79 దగ్గరో అతుక్కుపోయి, ఎంత పని ఇచ్చినా పైకి కదలకపోతే ఎవరో గొంతు పట్టుకున్నారన్నమాట. ఆ పట్టుకున్నది సాధారణంగా విండోస్ కాదు, కాబట్టి ఫార్మాట్ చేసినా వదలదు.

మాకు తెలిసినవాళ్ల ల్యాప్‌టాప్ ఒకటి సరిగ్గా ఇలాగే వచ్చింది. స్టార్ట్ మెనూ నొక్కితే తెరుచుకోవడానికి మూడు నాలుగు సెకన్లు. అప్పటికే ఒకసారి ఫార్మాట్ చేయించారు, ర్యామ్ కూడా పెంచారు. స్పీడ్ చూస్తే 0.39. కరెంటు వైరు పీకేశాను. కొద్ది క్షణాల్లో 2.8కి లేచింది. మళ్లీ గుచ్చితే మళ్లీ 0.39. అసలు చార్జర్ పాడైతే తక్కువ ధరకు వేరేది కొన్నారట, అదీ సంగతి. కొన్ని కంపెనీల ల్యాప్‌టాప్‌లు చార్జర్ పిన్ ద్వారా అది ఎన్ని వాట్లదో అడిగి తెలుసుకుంటాయి. జవాబు రాకపోతే, ఇది సరిపడా కరెంటు ఇవ్వలేదేమో అని ముందుజాగ్రత్తగా ప్రాసెసర్‌ను కనిష్ఠ వేగానికి కట్టేస్తాయి. బ్యాటరీ చార్జింగ్ కూడా ఆపేయొచ్చు. ఆన్ చేసేటప్పుడు నల్ల తెర మీద అడాప్టర్‌ను గుర్తించలేదని ఇంగ్లిష్‌లో ఒక వాక్యం వస్తుంది. మనవాళ్లు ఏదో ఒక మీట నొక్కి ముందుకెళ్లిపోతారు. అసలు చార్జరే అయినా పిన్ దగ్గర వైరు నలిగితే ఇదే జరుగుతుంది. మీరు కూడా చార్జర్ ఉన్నప్పుడు, లేనప్పుడు స్పీడ్ ఎంతుందో చూసి పోల్చండి. కొన్ని మోడళ్లలో వైరు తీసి రీస్టార్ట్ చేస్తేగానీ తేడా కనిపించదు. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయి, కరెంటు మీదే నడుస్తున్న ల్యాప్‌టాప్‌లలో కూడా కొన్ని ఇలా వేగం తగ్గించుకుంటాయి.

చార్జర్ తేడా లేకపోతే వేడిని అనుమానించండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూపిస్తుంది. 8250యూ గరిష్ఠ హద్దు 100 డిగ్రీల సెల్సియస్. ఆ హద్దు దగ్గరికొస్తే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మొదటి ఐదు నిమిషాలు చకచకా పనిచేసి, తర్వాత నీరసించిందంటే ఇదే లక్షణం. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఫ్యాన్ కింద గదే 40 డిగ్రీలుంటే, లోపల దుమ్ముతో మూసుకుపోయిన ఫ్యాను పాపం ఏం చల్లబరుస్తుంది? పరుపు మీద, దుప్పటి మీద పెట్టి వాడితే కింద గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. దాని కింద ఒక గట్టి అట్టయినా పెట్టండి. శుభ్రం చేయిస్తే ఫ్యాను, దాని పక్కనున్న సన్నటి రాగి లేదా అల్యూమినియం రెక్కలు రెండూ శుభ్రం చేయమనండి. చాలాసార్లు ఫ్యాను మాత్రం తుడిచి ఇచ్చేస్తారు, దుమ్ము చాప మాత్రం రెక్కల ముందు అలాగే ఉండిపోతుంది. ప్రాసెసర్ వేడిని బయటికి లాగే థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటే అదీ మార్పించండి. ఇంట్లో మీరే బ్లోయర్ కొడితే ఫ్యాను గిర్రున తిరగకుండా ఒక పుల్లతో ఆపి కొట్టండి.

ఇవేవీ కాకపోతే, మీ కాన్ఫిగరేషన్ చదవగానే నాకు అనుమానం వచ్చిన చోటికి వెళ్దాం. అది హార్డ్ డిస్క్. పర్ఫార్మెన్స్ పేజీలో సీపీయూ కింద డిస్క్ ఉంటుంది. అది 100 దగ్గర నిలబడి, యావరేజ్ రెస్పాన్స్ టైమ్ వందల మిల్లీసెకన్లు చూపిస్తోందా? అలాగైతే మీ నెమ్మదికి అసలు కారణం దొరికినట్టే. తిరిగే హార్డ్ డిస్క్ చెదురుమదురుగా ఉన్న చిన్న ఫైళ్లను సెకనుకు వంద చోట్ల చదవడమే గొప్ప. తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ అనే డిస్క్, మామూలు సాటా రకమే అయినా, పదుల వేల చోట్ల చదువుతుంది. విండోస్ 10 వెనకాల చేసే పనులన్నీ ఇలా చిన్న చిన్న ఫైళ్ల మీదే. యాంటీవైరస్ స్కానింగ్, అప్‌డేట్లు, సెర్చ్ ఇండెక్సింగ్ మూడూ కలిసి డిస్క్ మీద పడితే, మౌస్ కదులుతుంది గానీ ఏదీ తెరుచుకోదు. అదే సమయంలో మొదటి పేజీలో సీపీయూ టర్బో పుణ్యమా అని 90 చూపిస్తుంది. మనం ప్రాసెసర్‌ను తిట్టుకుంటాం.

కాబట్టి డీటెయిల్స్‌లో ఐడిల్ 40, 50 ఉండి, డిస్క్ 100 ఉంటే ఇక వేరే వైద్యం అక్కర్లేదు. ఎస్ఎస్‌డీ వేయించండి. 8 జీబీ ర్యామ్ మీ వాడకానికి సరిపోతుంది, డబ్బులు ముందు దాని మీద పెట్టకండి. కొనేముందు మీ మోడల్‌లో ఎం.2 స్లాట్ (ఎస్ఎస్‌డీని బోర్డు మీదే గుచ్చే చోటు) ఉందో లేదో, ఉంటే అది సాటా, ఎన్‌వీఎంఈ అనే రెండు రకాల్లో ఏదో తెలుసుకోండి. స్లాట్ లేకపోతే పాత హార్డ్ డిస్క్ స్థానంలోనే రెండున్నర అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ సరిగ్గా కూర్చుంటుంది. కంప్యూటర్ షాపులుండే సికింద్రాబాద్ సీటీసీ లాంటి చోట అయితే అక్కడికక్కడే మార్చి ఇస్తారు. డేటా క్లోన్ చేస్తారా (ఉన్నదున్నట్టు కాపీ), కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తారా అన్నది ముందే మాట్లాడుకోండి. అంతకంటే ముందు క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాత డిస్క్ ఆరోగ్యం చూడండి. గుడ్ అని నీలంలో ఉంటే సరే. కాషన్ అని పసుపులో ఉండి, రీఎలొకేటెడ్ సెక్టర్లు, కరెంట్ పెండింగ్ సెక్టర్లు (డిస్క్ మీద పాడైన, అనుమానంగా ఉన్న చోట్లు) లెక్కల్లో కనిపిస్తే ఆ డిస్క్ చివరి దశలో ఉంది. ఇంకేమీ చేయకుండా ముందు ఫొటోలు, పాప సర్టిఫికెట్లు బయటికి కాపీ చేసుకోండి.

ఇప్పుడు మీరు పేర్లు రాసిన మూడింటి సంగతి. మూడూ విండోస్ సొంత మనుషులే. వాటిని ఎండ్ టాస్క్ కొడితే చేస్తున్న పని సగంలో ఆగి, మళ్లీ మొదటి నుంచి చేసుకోవాల్సి వస్తుంది. మీకు కాసేపు తగ్గి మళ్లీ పెరగడం అందుకే.

యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్ అంటే విండోస్ డిఫెండర్. స్కాన్ చేసేటప్పుడు సగటున ప్రాసెసర్‌లో సగానికి మించి వాడకూడదన్నది దానికి పెట్టిన మామూలు హద్దు. మీరు కొత్త ఫైళ్లు తెరుస్తున్నప్పుడు అప్పటికప్పుడు చేసే తనిఖీకి ఈ హద్దు ఉండదు. వారాల తరబడి స్కాన్ పూర్తికాని మెషీన్‌లో అది ఎప్పుడూ పనిలోనే ఉంటుంది. ఒక రాత్రి చార్జర్ పెట్టి, స్లీప్‌లోకి వెళ్లకుండా సెట్ చేసి, ఫుల్ స్కాన్ నడిపి వదిలేయండి. పూర్తయితే చాలావరకు శాంతిస్తుంది. ల్యాప్‌టాప్‌తో పాటు ట్రయల్‌గా వచ్చి గడువు తీరిన ఇంకో యాంటీవైరస్ ఉందేమో కూడా చూడండి. ఉంటే తీసేయండి. అది మామూలుగా పోకపోతే దాని కంపెనీ వెబ్‌సైట్‌లోనే తొలగించే టూల్ దొరుకుతుంది. కొన్ని వీడియోల్లో సీ డ్రైవ్ మొత్తాన్ని డిఫెండర్ ఎక్స్‌క్లూజన్‌లో, అంటే తనిఖీ చేయొద్దనే జాబితాలో పెట్టేయమంటారు. సీపీయూ తగ్గుతుంది, నిజమే, కాపలా కూడా పోతుంది.

సర్వీస్ హోస్ట్ అనేది ఒక పేరు కాదు, ఒక ముసుగు. లోపల ఏ సర్వీస్ ఉందో చూడాలి. ప్రాసెసెస్ పేజీలో దాని పక్కనున్న చిన్న బాణం నొక్కితే అసలు పేరు బయటపడుతుంది. 3.5 జీబీకి మించి ర్యామ్ ఉన్న మెషీన్లలో విండోస్ 10 1703 వెర్షన్ నుంచి చాలా సర్వీసులను విడివిడిగా నడుపుతున్నారు కాబట్టి వెతకడం తేలికే. విండోస్ అప్‌డేట్ అయితే ఓపిక పట్టండి. దాని తోడుగా విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ వర్కర్ కూడా కనిపిస్తే అప్‌డేట్ ఎక్కుతోందని అర్థం. హార్డ్ డిస్క్ మీద ఇది గంటలు పట్టొచ్చు. రోజూ అదే అప్‌డేట్ మొదలై ఫెయిల్ అవుతుంటే అప్పుడు అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, విండోస్ ఫైళ్లను సరిచేసే డిజమ్ రీస్టోర్ హెల్త్, తర్వాత ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ నడపాల్సి ఉంటుంది. పూర్తి కమాండ్ మైక్రోసాఫ్ట్ సపోర్ట్ పేజీలో ఉంటుంది, అక్కడి నుంచే కాపీ చేసుకోండి.

డబ్ల్యూఎంఐ ప్రొవైడర్ హోస్ట్ విషయం కాస్త ఆసక్తికరం, ఎందుకంటే అది తనంతట తాను ఏమీ చేయదు. వేరే ప్రోగ్రామ్ ఏదో వచ్చి, బ్యాటరీ ఎంతుంది, ప్రింటర్ ఉందా, ఉష్ణోగ్రత ఎంత అని అడిగితే జవాబు చెబుతుంది. అది అలసిపోతోందంటే ఎవరో ఆపకుండా అడుగుతున్నారు. ఆ అడిగేవాణ్ని పట్టుకోవచ్చు. ఈవెంట్ వ్యూయర్ తెరిచి, అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, మైక్రోసాఫ్ట్, విండోస్, డబ్ల్యూఎంఐ-యాక్టివిటీ, ఆపరేషనల్ వరసలో లోపలికి వెళ్లండి. ఎర్ర గుర్తుతో ఎర్రర్లు కనిపిస్తాయి. ఒకదాని మీద నొక్కితే కింద పెద్ద వాక్యంలో క్లయింట్ ప్రాసెస్ ఐడీ అని ఒక సంఖ్య ఉంటుంది. ఒకే సంఖ్య మళ్లీ మళ్లీ వస్తోందా చూడండి. ఆ సంఖ్యను డీటెయిల్స్ పేజీలో పీఐడీ (ప్రాసెస్ ఐడీ) వరసలో వెతికితే ప్రోగ్రామ్ పేరు దొరుకుతుంది. రీస్టార్ట్ చేస్తే ఈ సంఖ్యలు మారిపోతాయి, కాబట్టి రెండూ ఒకే విడతలో చూడాలి. ఎక్కువగా దొరికేది ప్రింటర్‌తో వచ్చిన సాఫ్ట్‌వేరో, ల్యాప్‌టాప్ కంపెనీ వాళ్లు పెట్టిన సపోర్ట్ అసిస్టెంటో. తీసేస్తే ప్రింటరూ ఆగదు, ల్యాప్‌టాపూ ఆగదు.

మీరు రాయలేదుగానీ, సిస్టమ్ ఇంటరప్ట్స్ (పరికరాలు ప్రాసెసర్‌ను పిలిచే పిలుపులు) అనేది గనక పది శాతం దాటి నిలకడగా ఉంటే హార్డ్‌వేర్ లేదా డ్రైవర్ గొడవ. యూఎస్‌బీలో ఉన్నవన్నీ పీకి ఒక్కొక్కటిగా గుచ్చి చూడండి.

ఇంకో చిన్న లెక్క పనికొస్తుంది. మీకు ఎనిమిది థ్రెడ్లు కాబట్టి, డీటెయిల్స్ పేజీలో ఏదైనా ఒక ప్రోగ్రామ్ 12 లేదా 13 దగ్గర గంటల తరబడి కదలకుండా ఉంటే అది ఒక థ్రెడ్‌ను పూర్తిగా మింగేసి, ఎక్కడో లూప్‌లో ఇరుక్కుపోయి ఉండొచ్చు. 13 చిన్న అంకెలా కనిపిస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. నాలుగు థ్రెడ్ల పాత మెషీన్‌లో ఇదే 25గా కనిపిస్తుంది. ఇలాంటిదాన్ని నిరభ్యంతరంగా ఎండ్ టాస్క్ కొట్టొచ్చు, విండోస్‌ది కాకపోతే.

యూట్యూబ్ పాఠాలు ఆగి ఆగి రావడానికి వేరే కారణం కూడా ఉండొచ్చు. ఆడుతున్న వీడియో మీద మౌస్ కుడి బటన్ నొక్కి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ ఎంచుకోండి. వచ్చే నల్ల పెట్టెలో కోడెక్స్ అనే వరస ఉంటుంది, అంటే వీడియోను ఏ పద్ధతిలో కుదించారన్నది. అక్కడ ఏవీ01 అని ఉంటే అది ఏవీ1 పద్ధతిలో వస్తోంది. వీపీ09 అంటే వీపీ9, ఏవీసీ1 అంటే పాత హెచ్.264. ఇంటెల్‌లో ఏవీ1ను హార్డ్‌వేర్‌లోనే విప్పే ఏర్పాటు 11వ తరం నుంచి వచ్చింది. మీ 8వ తరం గ్రాఫిక్స్‌కు వీపీ9, హెచ్.264 చేతనవుతాయి, ఏవీ1 చేతకాదు. అప్పుడు ఆ పనంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. యూట్యూబ్ సెట్టింగ్స్‌లో ప్లేబ్యాక్ అండ్ పర్ఫార్మెన్స్ దగ్గర ఏవీ1 గురించి ఉంటుంది. ఎప్పుడూ ఏవీ1 కావాలని ఎంచుకుని ఉంటే మార్చండి. అయినా అదే వస్తుంటే హెచ్264ఐఫై లాంటి ఎక్స్‌టెన్షన్ పెడితే పాత పద్ధతిలో పంపిస్తుంది. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి. అది ఆపేసి ఉంటే ఏ కోడెక్ అయినా ప్రాసెసరే మోయాలి. గ్రాఫిక్స్ డ్రైవర్ మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉన్నా అదే గతి. ఫార్మాట్ చేసిన మెషీన్లలో ఇది తరచూ కనిపిస్తుంది.

క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ నొక్కితే దాని సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది. ఏ ట్యాబ్, ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత తింటోందో విడిగా చూపిస్తుంది. పిల్లలు వాడే మెషీన్ అంటున్నారు కాబట్టి ఎక్స్‌టెన్షన్ల జాబితా తప్పకుండా చూడండి. మీకు గుర్తులేనివన్నీ తీసేయండి.

ఇక దొంగల సంగతి. మీరు టాస్క్ మేనేజర్ తెరవకముందు ఫ్యాన్ హోరుమంటూ తిరుగుతూ, తెరవగానే సీపీయూ గ్రాఫు నిట్టనిలువుగా పడిపోయి, కాసేపటికి ఫ్యాన్ కూడా సద్దుమణుగుతోందా? మూసేసిన కాసేపటికి మళ్లీ మొదలవుతోందా? అలాగైతే మీ కరెంటుతో ఇంకెవరికో క్రిప్టో నాణేలు తవ్విపెడుతున్న ప్రోగ్రామ్ లోపల ఉండి ఉండొచ్చు. ఈ రకం మాల్‌వేర్‌లో చాలావాటికి టాస్క్ మేనేజర్ తెరిచారని తెలుసుకుని నక్కే తెలివి ఉంటుంది. పట్టుకోవాలంటే ముందు హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ఉష్ణోగ్రత, సీపీయూ వాడకం తెరిచి పెట్టుకుని, టాస్క్ మేనేజర్ తెరవకుండా పావుగంట చూడండి. ఆ తర్వాత టాస్క్ మేనేజర్ తెరవండి. రెండు అంకెలకూ పెద్ద తేడా ఉంటే అనుమానం బలపడినట్టే. మైక్రోసాఫ్ట్ వాళ్లదే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ అని ఉచిత టూల్ ఉంది. దాని ఫైలు పేరు మార్చి నడిపితే కొన్ని దొంగ ప్రోగ్రాములు గుర్తుపట్టలేవు. అందులో ఆప్షన్స్ మెనూ నుంచి ప్రతి ప్రోగ్రామ్‌నూ వైరస్ టోటల్‌తో (చాలా యాంటీవైరస్‌లతో ఒకేసారి పరీక్షించే సైటు) సరిచూసుకునే వీలుంది. అసలైన సర్వీస్ హోస్ట్ ఫైలు విండోస్ ఫోల్డర్ లోపలి సిస్టమ్32లో ఉంటుంది. అదే పేరుతో యాప్‌డేటాలోనో, టెంప్‌లోనో ఉన్నది నకిలీ.

దొరికితే దాన్ని చేత్తో తీసేయడానికి కుస్తీ పట్టకండి. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, స్కాన్ ఆప్షన్స్‌లోకి వెళ్లి ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. మెషీన్ రీస్టార్ట్ అయి, విండోస్ లేవకముందే స్కాన్ చేస్తుంది కాబట్టి దాక్కోవడానికి చోటుండదు. ఎక్స్‌క్లూజన్ల జాబితా కూడా చూడండి. మీరు పెట్టని ఫోల్డర్ అక్కడ కనిపిస్తే దొంగ తన చోటు తనే రాసుకున్నట్టు. అలాంటి మెషీన్‌లో బ్యాంకు పనులు చేసి ఉంటే, ఫోన్ నుంచి పాస్‌వర్డులు మార్చేయండి.

స్పీడ్ బూస్టర్లు, రిజిస్ట్రీ క్లీనర్లు ఏవీ వేయకండి. మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి అని బ్రౌజర్‌లో తెర నిండా ఏదైనా వస్తే అది పచ్చి మోసం, ఆ ట్యాబ్ మూసేయండి. పొరపాటున ఎవరికైనా స్క్రీన్ చూసే అనుమతి ఇచ్చి డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఇన్ని చేసినా తేలకపోతే ఫార్మాట్ చేయించడంలో తప్పు లేదు. కానీ ఒక షరతు మీద. మీ ల్యాప్‌టాప్‌తో విండోస్ హోమ్ వచ్చి ఉంటే, దాని లైసెన్స్ కీ సాధారణంగా బోర్డులోనే రాసి ఉంటుంది. అదే హోమ్ ఎడిషన్ మళ్లీ వేసి నెట్ కలిపితే తనంతట తానే యాక్టివేట్ అవుతుంది, పైసా అక్కర్లేదు. కొన్ని షాపుల్లో అందరికీ ఒకే పెన్‌డ్రైవ్‌తో ప్రో ఎడిషన్ వేసేసి, దాన్ని యాక్టివేట్ చేయడానికి ఒక క్రాక్ టూల్ నడుపుతారు. ఆ టూల్ నడవాలంటే ముందు డిఫెండర్ ఆపాలి. నేను పైన చెప్పిన తవ్వకం ప్రోగ్రాములు చాలా ఇళ్లలోకి వచ్చేది ఈ ద్వారం గుండానే. కాబట్టి హోమ్ ఎడిషనే వేయమని, యాక్టివేటర్ ఏదీ నడపవద్దని, క్రాక్ చేసిన ఫొటోషాప్ లాంటివి కానుకగా ఇవ్వొద్దని ముందే గట్టిగా చెప్పండి.

ఎలాగూ వేయిస్తున్నారు కాబట్టి విండోస్ 11 వేయించుకోవడం మేలు. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. నమోదు చేసుకున్న ఇంటి వాడకందార్లకు అదనపు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకే అని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. 8250యూ విండోస్ 11 ఆమోదించిన ప్రాసెసర్ల జాబితాలో ఉంది. బయోస్‌లో (విండోస్‌కు ముందు వచ్చే బోర్డు సెట్టింగ్స్) టీపీఎం, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా ఏర్పాట్లు ఆన్ చేయిస్తే చాలు. కాకపోతే ఆ పాత హార్డ్ డిస్క్ మీద మాత్రం వేయించకండి, ఎస్ఎస్‌డీ పెట్టాకే.

ముందు ఇవి చూసి చెప్పండి: డీటెయిల్స్ పేజీలో ఐడిల్ ఎంత, చార్జర్ ఉన్నప్పుడు స్పీడ్ ఎంత, లేనప్పుడు ఎంత, డిస్క్ ఎంత శాతం, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో ఏ రంగు చూపిస్తోంది. రీస్టార్ట్ అయిన పది నిమిషాల తర్వాతి అంకెలే రాయండి.